బుష్‌లు పోయిన పాత బీఎండబ్ల్యూ: ఎలా కనిపెట్టాలి, ఎలా మార్చుకోవాలి

నాయుడుపేట హైవే మీద 90లో పోతూ బ్రేక్ మీద కాలు పెడతారు. స్టీరింగ్ చేతుల్లో వణుకుతుంది. కాలు తీయగానే ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది. ఈ సంగతి ఎవరికి చెప్పినా మొదట వచ్చే సలహా డిస్కులు మార్చమనే. నేనూ మార్చాను. ప్యాడ్లు మార్చాను, నాలుగు చక్రాలకూ బ్యాలెన్సింగ్ చేయించాను, చివరికి "షాకులు పోయినాయి సార్" అంటే ఆ ఖర్చూ పెట్టాను. వణుకు మాత్రం పోలేదు. అసలు దొంగ ఎడమ చక్రం వెనకాల దాక్కున్న, గుప్పిట్లో పట్టేంత రబ్బరు బుష్.

నా కారు 2010 మోడల్ 320డి. బీఎండబ్ల్యూ వాళ్లు 2007లో చెన్నై దగ్గర ఫ్యాక్టరీ పెట్టాక మన రోడ్ల మీదికి బాగా వచ్చిన తరం ఇది, కంపెనీ లెక్కలో ఈ90. ఇవి ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో చిన్న కారు ధరకే దొరుకుతున్నాయి. కొనడం తేలికే, ఆ తర్వాతే అసలు సంగతి తెలిసేది. ఇక్కడ చెప్పేదంతా ఈ బండి ముందు చక్రాల బుష్‌ల గురించి. వేరే కారైనా కనిపెట్టే పద్ధతి దాదాపు ఇదే, విప్పే వరస మాత్రం మారుతుంది.

ఒక్క హెచ్చరిక ముందే చెప్పాలి. మీది 1990ల నాటి మెర్సిడెస్ డబ్ల్యూ124 అయితే ఈ పని ఇంట్లో మొదలుపెట్టకండి. దానికి ముందు స్ప్రింగ్ నేరుగా లోయర్ ఆర్మ్ మీదే, అంటే చక్రాన్ని ఫ్రేముకు కలిపే కింది చెయ్యి మీదే, కూర్చుని ఉంటుంది. స్ప్రింగ్‌ను నొక్కి పట్టే సరైన కంప్రెసర్ లేకుండా ఆర్మ్ విప్పితే ఆ స్ప్రింగ్ ఎగిరి ప్రాణం తీయగలదు. ఈ90లో స్ప్రింగ్ స్ట్రట్‌లోనే, అంటే షాక్ అబ్జార్బర్‌తో కలిసిన నిలువు స్తంభంలోనే, బందీగా ఉంటుంది కాబట్టి ఆ గండం లేదు.

ఆ రబ్బరు ఏం చేస్తుంది?

బుష్ అంటే రెండు గొట్టాలు, మధ్యలో రబ్బరు. బయటి గొట్టం ఆర్మ్‌లో బిగువుగా కూర్చుంటుంది. లోపలి గొట్టంలోంచి బోల్టు పోయి ఫ్రేముకు పట్టుకుంటుంది. చాలామంది ఇది బేరింగ్‌లా తిరుగుతుంది అనుకుంటారు. తిరగదు. చక్రం పైకీ కిందికీ ఊగినప్పుడు రబ్బరు తడిగుడ్డ పిండినట్టు మెలితిరిగి, మళ్లీ తన చోటికి వస్తుంది. అంటే దానికి మెలి ఏమీ లేని ఒక సున్నా స్థానం ఉంటుంది. బోల్టు బిగించిన క్షణంలో చక్రం ఏ ఎత్తులో ఉందో అదే ఆ సున్నా. ఈ మాట గుర్తుంచుకోండి, బిగించేటప్పుడు దీంతోనే పని.

ఈ90లో ముందు ఒక్కో వైపు రెండు ఆర్మ్‌లుంటాయి. ఒకటి తిన్నగా, ఇంకోటి వంపు తిరిగి. బ్రేక్ వేయగానే చక్రం వెనక్కి పోవాలని చూస్తుంది. దాన్ని పట్టి ఆపేది ఆ వంకర ఆర్మ్, అంటే టెన్షన్ స్ట్రట్. మన టెన్షన్‌కీ దానికీ సంబంధం లేదంటారు గానీ, నా అనుభవంలో బాగానే ఉంది. దాని లోపలి చివరన ఉండే బుష్‌లో రబ్బరుతో పాటు ద్రవం కూడా ఉంటుంది. సన్నటి వణుకుల్ని మింగేది ఆ ద్రవమే. అది కారిపోతే బుష్ చూడ్డానికి బుష్‌లాగే ఉంటుంది, పని మాత్రం చేయదు.

మన వైపు దీనికి ఆయుష్షు ఎందుకు తక్కువో చెప్పక్కర్లేదు. మే నెలలో తిరుపతి తారురోడ్డు మీద పొద్దంతా నిలబెట్టిన బండి కింద చెయ్యి పెట్టి చూడండి. పైగా నెలకోసారి కొండ. తిరుమల నుంచి దిగే పాత ఘాట్ రోడ్డు 1944 నాటిది, అన్నీ మెలికలే. అలిపిరికి చేరేదాకా బ్రేక్ వేస్తూ వదులుతూ ఉండాల్సిందే. వేసిన ప్రతిసారీ ఆ వంకర ఆర్మ్ బుష్‌ను లాగుతుంది.

రోడ్డు మీద పరీక్ష

చప్పుడు విని పేరు చెప్పేసే మెకానిక్‌ను నమ్మకండి. చప్పుడు కింద ఒకచోట పుట్టి, రేకుల్లో పాకి, ఇంకోచోట వినపడుతుంది. ఏ పని చేసినప్పుడు వస్తోందో చూడండి.

ఖాళీ రోడ్డు చూసుకుని, వెనకాల ఎవరూ లేరని రూఢి చేసుకుని, 100 నుంచి 60 దాకా మెల్లగా బ్రేక్ వేస్తూ రండి. స్టీరింగ్ వణుకుతూ, పెడల్ మాత్రం కాలి కింద నిమ్మళంగా ఉంటే బుష్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. పెడల్ కూడా కాలిని తన్నుతుంటే డిస్కు వంతు ఉంది. రెండూ కలిసి ఉండడం మామూలే. డిస్కులో ఉన్న చిన్న తేడాను మంచి బుష్ మింగేస్తుంది, చచ్చిన బుష్ మైకు పెట్టి చెబుతుంది. అందుకే నాకు కొత్త డిస్కులు వేసిన కొత్తలో పదిహేను రోజులు వణుకు తగ్గింది, మళ్లీ మొదలైంది.

తర్వాత ఇంటి ముందు నడక వేగంలో ముందుకు పోయి బ్రేక్, వెనక్కి వచ్చి బ్రేక్. దిశ మారిన ప్రతిసారీ కాళ్ల కింద ఒక్కసారి 'ధబ్' మంటే ఆర్మ్ జరుగుతున్నట్టు. అదే చిన్న చిన్న గతుకుల మీద 'టకటకటక' అంటూ ఆగకుండా వస్తుంటే ముందు స్టెబిలైజర్ లింక్ రాడ్ (మలుపుల్లో బండి వాలకుండా ఆపే కడ్డీకి ఉండే చిన్న లింకు) చూడండి, అది చౌక, తేలిక. బండి కదలకుండా స్టీరింగ్ తిప్పినప్పుడు పైన 'టంగ్' మంటే స్ట్రట్ మౌంట్, అంటే స్ట్రట్ పై చివరను బాడీకి పట్టే భాగం. స్పీడ్ బ్రేకర్ దాటాక బండి రెండు మూడుసార్లు ఊగితే అప్పుడు షాకుల మాట ఎత్తండి.

టైర్లు కూడా సాక్ష్యం చెబుతాయి. స్టీరింగ్ ఒక పక్కకు పూర్తిగా తిప్పి, టైరు లోపలి అంచు మీద అరచెయ్యి ముందుకూ వెనక్కీ రాయండి. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు రంపంలా తగిలితే అలైన్‌మెంట్ నిలవడం లేదన్నమాట. అలైన్‌మెంట్ చేయించిన నెలకే మళ్లీ అలా అయితే దాన్ని పట్టుకోవాల్సినవి వదులయ్యాయని.

కారు కింద చూడాల్సింది

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. జాకీ పెట్టి ఎత్తి, చక్రం వేలాడుతుండగా బుష్ చూస్తారు. వేలాడే చక్రం బరువుకు రబ్బరు మెలితిరిగి బిర్రబిగుసుకుంటుంది, ఉన్న లూజు కనపడదు. పాత చిరుగు కూడా మూసుకుపోవచ్చు. బండి బరువు చక్రాల మీదే ఉండాలి. పంచర్ షాపు గుంత గానీ, ర్యాంపు గానీ, నాలుగు పోస్టుల లిఫ్టు గానీ దొరికితే మంచిది.

టార్చి పట్టుకుని వంకర ఆర్మ్ లోపలి చివరకు వెళ్లండి. నా కారులో మొదట కనపడింది దుమ్ము. ఎడమ ఆర్మ్ మీద మాత్రం ఆ దుమ్ము నల్లగా, తడిగా, జిగురుగా ఉంది, మిగతా చోటంతా ఎర్రగా పొడిగా ఉంది. గుడ్డతో తుడిస్తే బుష్ అంచు నుంచి కింది దాకా కారిన చార. ఇంజిన్ ఆయిల్ అయితే పైనుంచి వచ్చిన దారి కనపడాలి. ఇది బుష్ దగ్గరే మొదలై కిందికి పోయింది. ఇంకో పరీక్ష అక్కర్లేదు, ఆ బుష్ అయిపోయింది.

తడి లేకపోతే పగుళ్లు చూడండి. పైన వెంట్రుకంత పగుళ్లుంటే కంగారు పడకండి, ఈ వయసు రబ్బరుకు అవి ముసలివాళ్ల చేతి ముడతల్లాంటివే. గోరు దిగేంత లోతు చిరుగు, రబ్బరు గొట్టం నుంచి విడిపోయి సందు కనపడడం, లోపలి గొట్టం మధ్యలో కాకుండా ఒక పక్కకు వాలిపోవడం, ఇవీ అసలు జబ్బులు.

తర్వాత టామీ రాడ్‌ను ఆర్మ్‌కూ ఫ్రేముకూ మధ్య పెట్టి మెత్తగా తోయండి. ఈ రకం బుష్ కొంత కదలడం సహజం, కదిలి మెల్లగా వెనక్కి రావాలి. 'ఠక్' మని ఇనుము తగిలితేనో, తోసిన చోటే ఉండిపోతేనో తప్పు. కుడి ఎడమలు పోల్చి చూడడం మరవకండి. ఆర్మ్ చక్రం వైపు చివరన రబ్బరు బూటు తొడిగిన గుండు కీలు ఉంటుంది, అదే బాల్ జాయింట్. బూటు చిరిగేలా దాని మీద మాత్రం రాడ్ ఆనించొద్దు. చివరగా ఒక మనిషిని సీట్లో కూర్చోబెట్టి, ఇంజిన్ ఆపి, స్టీరింగ్ కొద్దికొద్దిగా కుడి ఎడమలకు ఆడించమనండి. మీరు కింద నుంచి ఒక్కో జాయింటు మీద వేలు పెట్టి చూడండి. కంటికి అందని లూజు వేలికి తెలుస్తుంది.

బుష్ ఒక్కటా, ఆర్మ్ మొత్తమా?

ఆర్మ్ రెండో చివరన ఉండేది ఆ బాల్ జాయింట్. లక్ష కిలోమీటర్లు దాటిన బండిలో బుష్ మాత్రమే మార్చి ఆ బాల్ జాయింట్‌ను ఉంచితే, ఆరు నెలల్లో మళ్లీ అదే చోట విప్పాల్సి రావచ్చు. బాల్ జాయింట్ బూటు చిరగకుండా, ఆడించినప్పుడు బిగువుగా ఉంటే బుష్ ఒక్కటే చాలు. ఏ మాత్రం అనుమానమున్నా ఆర్మ్ మొత్తం తీసుకోండి. పాత బుష్‌ను ప్రెస్ యంత్రంతో నొక్కి తీసి, కొత్తది దింపించే గోల కూడా తప్పుతుంది. ఏది తీసుకున్నా రెండు వైపులా ఒకేసారి మార్చండి.

మనకు చెన్నై, బెంగళూరు రెండూ దగ్గరే కాబట్టి సామాను కష్టం లేదు. చెన్నైలో జీపీ రోడ్డు, బెంగళూరులో జేసీ రోడ్డు. వెళ్లే ముందు చాసిస్ నంబరు చివరి 7 అక్షరాలు రాసుకోండి, పార్ట్ నంబరు వాటితోనే తేలుతుంది. లెమ్‌ఫర్డర్, టీఆర్‌డబ్ల్యూ, మేలె లాంటి బ్రాండ్లు వాడుకలో ఉన్నాయి. పేరున్న డబ్బాల్లోనే నకిలీ కూడా వస్తుంది కాబట్టి బిల్లు ఇచ్చే చోటే కొనండి. చెన్నైలోని పుదుపేటలో పాత బండి నుంచి ఊడదీసిన ఆర్మ్ చౌకగా దొరుకుతుంది, కానీ అందులోని రబ్బరు వయసు కూడా మీ రబ్బరు వయసే. పాలీయూరిథేన్ బుష్‌లు వేయించుకోమని ఉత్సాహవంతులు చెబుతారు. గట్టివే, కానీ గతుకులన్నీ లోపలికి తెలుస్తాయి, కొన్ని కిర్రుమంటాయి కూడా. మెత్తగా పోతుందనే కదా ఈ కారు కొన్నది.

బోల్టులు, సెల్ఫ్ లాక్ నట్లు కొత్తవి తెచ్చుకోండి. వీటిలో కొన్ని బిగించినప్పుడు సాగే రకం, రెండోసారి వాడకూడదు. 50 రూపాయల నట్టు దగ్గర పొదుపు వద్దు.

విప్పడం

మొదటి పని పాన పట్టడం కాదు, టేపు పట్టడం. బండి నేల మీద సమంగా ఉండగా చక్రం మధ్య బిందువు నుంచి పైన ఫెండర్ అంచు దాకా నిలువుగా కొలవండి. ఆ అంకెను మాస్కింగ్ టేపు మీద రాసి ఫెండర్‌కే అంటించండి. రెండు వైపులా.

నేల గట్టిగా ఉండాలి. మన ఎర్రమట్టి మీద స్టాండ్ పెడితే అది తెలియకుండానే దిగుతుంది. కింద మందపాటి పలక వేయండి. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. జాకీని అంచుల కింద ఉండే ప్లాస్టిక్ దిమ్మల దగ్గరే ఆనించండి. ఎత్తాక స్టాండ్లు పెట్టి, బండిని ఒకసారి చేత్తో ఊపి చూసి, అప్పుడు దూరండి. జాకీని మాత్రమే నమ్మి బండి కింద పడుకోవద్దు, రెండు నిమిషాల పనైనా సరే.

చక్రం తీసి, కింది ప్లాస్టిక్ ట్రే విప్పండి. దాని వెనక బలం కోసం వేసిన మెటల్ ప్లేటు అడ్డొస్తే దాన్నీ విప్పండి, కానీ అది లేకుండా బండిని రోడ్డెక్కించకండి. బోల్టులకు ముందు రోజు రాత్రే తుప్పు స్ప్రే కొట్టి ఉంచితే పొద్దున పని సగం అవుతుంది.

బాల్ జాయింట్ నట్టు విప్పుతుంటే లోపలి కడ్డీ కూడా దాంతో పాటే తిరుగుతుంది. కడ్డీ చివరన ఉన్న గాడిలో సరిపోయే బిట్టు పెట్టి పట్టుకుని నట్టు తిప్పండి. తర్వాత దాన్ని పుల్లర్‌తోనే వదులు చేయాలి. సుత్తితో మర మీద కొట్టడం మన దగ్గర అలవాటు. పాత ఆర్మ్ పారేసేదే అయినా దాన్ని పట్టుకున్న భాగం పారేసేది కాదు, అది అల్యూమినియం. జెనాన్ లైట్లున్న బండైతే ఆర్మ్‌కు ఎత్తు చెప్పే సెన్సర్ కడ్డీ ఉండొచ్చు, ముందే ఊడదీయండి. ఏబీఎస్ వైరు, బ్రేక్ గొట్టం మీద బరువు పడకుండా చూసుకోండి. చివరగా లోపలి బోల్టు తీసి ఆర్మ్‌ను బయటికి లాగండి. బోల్టు ఏ వైపు నుంచి దూరిందో ఫోన్‌తో ఫోటో తీసుకోండి, బిగించేటప్పుడు వాదన ఉండదు.

ప్రెస్ దగ్గర

ఆర్మ్ మొత్తం మార్చేవాళ్లు ఈ భాగం వదిలేయొచ్చు. బుష్ ఒక్కటే మార్చేవాళ్లు ఇక్కడ లేత్ షాపు మనిషి భుజం పక్కనే నిలబడాలి. రేణిగుంట రోడ్డులో నేను వెళ్లిన చోట ఆయన ఆర్మ్ చూడగానే గ్యాస్ టార్చి తీశాడు, "కాల్చేస్తే ఊడొస్తాది సార్" అని. లారీ బుష్‌లకు అలా చేస్తారు. అల్యూమినియం ఆర్మ్‌కు ఆ వేడి తగిలితే దాని బలమే పోతుంది. "అన్నా, ఆలస్యమైనా పర్లేదు, ప్రెస్‌లోనే తీయి" అని బతిమాలుకున్నాను. బుష్ బయటి గొట్టం మీదే ఆనే కప్పు, కింద బుష్ దిగడానికి చోటిచ్చే గొట్టం, రెండూ లేత్ మీద పావుగంటలో చేసిచ్చాడు.

పాత బుష్ తీసే ముందే అది ఏ కోణంలో ఉందో ఆర్మ్ మీద పెయింట్ గీత పెట్టండి. లోపలి ద్రవం గదులు ఒక దిశకే పనిచేస్తాయి, అడ్డదిడ్డంగా దిగితే కొత్త బుష్ కూడా దండగే. కొత్త బుష్ మీద గుర్తు ఉంటుంది, దాన్ని మీ గీతతో కలపండి. జారడానికి సబ్బు నీళ్లు చాలు, గ్రీజు, ఆయిల్ వద్దు, అవి రబ్బరును ఉబ్బిస్తాయి. వంకరగా దిగుతున్నట్టు అనిపిస్తే అక్కడే ఆపి, వెనక్కి తీసి, మళ్లీ మొదలుపెట్టించండి.

బిగించడం

నా బండికి ఈ బుష్‌లు రెండుసార్లు మారాయి. మొదటిసారి ఊళ్లోనే ఒక గ్యారేజీలో. లిఫ్టు మీద బండి, గాల్లో వేలాడే చక్రాలు, ఎయిర్ గన్నుతో 'డర్ర్' మని బిగింపు. గంటలో పని అయిపోయింది. ఏడు నెలలకు వణుకు మళ్లీ వచ్చింది. సామాను నకిలీ అనుకుని అమ్మినవాణ్ని తిట్టుకున్నాను. రెండోసారి నేనే విప్పి, ఆ రెండు బుష్‌లూ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకే చోట, ఒకే తీరుగా చిరిగాయి. చక్రం వేలాడుతుండగా బిగించారు కాబట్టి రబ్బరు సున్నా అక్కడ కుదిరింది. బండి దింపగానే రబ్బరు మెలిపడింది. ఆ మెలితోనే ఏడు నెలలు, ఇంట్లో నిలబెట్టి ఉన్నప్పుడు కూడా, బతికింది.

కాబట్టి ఇలా చేయండి. ఆర్మ్ పెట్టి, బాల్ జాయింట్ నట్టును మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు, అంటే బిగింపు బలానికి, పూర్తిగా బిగించండి. దానికి ఎత్తుతో పని లేదు. బుష్ ఉన్న లోపలి బోల్టును మాత్రం చేత్తో, లూజుగా ఉంచండి. ఇప్పుడు రెండో జాకీని బాల్ జాయింట్ కింద మధ్యలో చెక్కముక్క పెట్టి, మెల్లగా ఎత్తండి. హబ్ (చక్రం బిగించే భాగం) మధ్య నుంచి ఫెండర్ దాకా దూరం మీరు టేపు మీద రాసుకున్న అంకెకు వచ్చాక ఆపండి. అప్పుడు బుష్ బోల్టు బిగించండి. ఎత్తేటప్పుడు బండి స్టాండ్ మీద నుంచి లేస్తోందేమో ఒక కన్ను వేసి ఉంచండి. లేస్తుంటే ఈ పద్ధతి వదిలేసి చక్రం వేసి, నాలుగు చక్రాల కిందా సమానంగా మందపాటి దిమ్మలు పెట్టి, బండిని దాని బరువు మీదే నిలబెట్టి కింద నుంచి బిగించండి. కంపెనీ పద్ధతిలో అయితే ట్యాంకు నింపి, ముందు సీట్ల మీదా వెనక సీటు మధ్యలోనూ 68 కిలోల చొప్పున బరువు పెట్టి చేస్తారు. మూడేసి బియ్యం బస్తాలు ఎక్కించే ఓపిక ఉంటే ఎక్కించండి, నేను ఎక్కించలేదు.

టార్క్ అంకెలు మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్‌లో చూసి వాడండి. కొన్ని బోల్టులకు న్యూటన్ మీటర్ల తర్వాత ఇన్ని డిగ్రీలు తిప్పాలని కూడా ఉంటుంది, ఆ రెండో మెట్టు వదిలేయకండి. టార్క్ రెంచి లేకపోతే ఒక రోజుకు అడిగి తెచ్చుకోండి. చక్రం బోల్టులకు ఈ90లో 120 న్యూటన్ మీటర్లు. బిగించిన ప్రతి బోల్టు తల నుంచి పక్కన ఇనుము మీదికి పెయింట్ పెన్నుతో ఒక గీత గీయండి.

అలైన్‌మెంట్, ఆ తర్వాత

ఆర్మ్ విప్పాక అలైన్‌మెంట్ తప్పనిసరి. చేయించే ముందు పది ఇరవై కిలోమీటర్లు నడిపి, రబ్బరును సర్దుకోనివ్వండి. స్టీరింగ్ నిటారుగా ఉండగానే సెట్ చేయమనండి. వంకరగా వదిలేస్తే ట్రాక్షన్ లైటు వెలిగి, స్టీరింగ్ సెన్సర్‌ను స్కానర్‌తో సరిచేయించాల్సి రావచ్చు. ముందూ తర్వాతా అంకెలున్న ప్రింటు అడిగి తీసుకోండి.

ఆ తర్వాత అదే నాయుడుపేట రోడ్డు, అదే 100 నుంచి 60. వణుకు పూర్తిగా పోయిందా, కొంచెం మిగిలిందా చూడండి. కొంచెం మిగిలి, పెడల్ కూడా తన్నుతుంటే ఇప్పుడు డిస్కుల దగ్గరికి వెళ్లండి, ఈసారి అది న్యాయమైన ఖర్చు. 500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి కిందికి దూరి ఆ పెయింట్ గీతలు చూడండి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే ఆ బోల్టు కదిలింది. దాన్ని ఉన్నపళంగా ఇంకాస్త బిగించి వదలకండి, కొత్త బోల్టు వేసి, చక్రం బరువు మీద ఉండగా మొదటి నుంచి బిగించండి.